పరాయి ఊళ్లో దంపతుల మిషన్, పూటపూటకూ కృతజ్ఞత

యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, ఉద్యోగ విరమణ చేసిన భార్యాభర్తలు ఇంటికి తాళం వేసి, సొంత డబ్బుతో పరాయి దేశం వెళ్లి, ఏడాదో ఏడాదిన్నరో సంఘం అప్పగించిన పని చేసి రావడం స్థిరపడిన ఆచారం, దీన్నే మిషన్ అంటారు. లోకం మోర్మన్లని పిలిచే ఈ సంఘాన్ని 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. ఇప్పుడు దాని కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. సభ్యులు 1.7 కోట్లు దాటారు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్లతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లను చాలా దేశాల్లో జనం ఇట్టే గుర్తుపడతారు. అదే పేరుబిళ్ల పెట్టుకున్న అరవై, డెబ్బై ఏళ్ల దంపతులు మాత్రం అంతగా కంటపడరు. వాళ్లు ఇంటికి రాసే ఉత్తరాల్లో తాము చేసిన పనుల లెక్కకంటే తమకు అందిన చిన్న చిన్న సాయాల కబుర్లే తరచు ఎక్కువగా ఉంటాయి. పొద్దున కుళాయిలో నీళ్లొచ్చాయి, పక్కింటావిడ బస్సు ఎక్కించింది, కూరగాయల కొట్టు కుర్రాడు చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు, ఇలాంటివి. జీవితమంతా తమ పనులు తాము చేసుకున్నవాళ్లు ఇంత చిన్న విషయాలకు ఇంతగా పొంగిపోవడానికి ఆ సేవ నడిచే తీరులోనే కారణాలున్నాయి.

దంపతులు కలిసి వెళ్లడం ఈ సంఘంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి కాదు. తొలి దశాబ్దాల్లో పెళ్లయిన మగవాళ్లు భార్యాపిల్లలను వదిలి ఒంటరిగా వెళ్లేవారు. 1839లో బ్రిగమ్ యంగ్, హీబర్ కింబాల్ ఇంగ్లండుకు బయల్దేరిన నాటికి ఇద్దరూ జ్వరంతో నిలబడలేని స్థితిలో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో భార్యాపిల్లలూ మంచం పట్టి ఉన్నారు. అడిసన్ ప్రాట్ అనే ఆయన 1843లో పసిఫిక్ దీవులకు వెళ్లి 1848లో గానీ తిరిగి రాలేదు. ఆ అయిదేళ్లూ భార్య లూయీసా నలుగురు ఆడపిల్లలను ఒంటిచేత్తో సాకింది. వాళ్లను వెంటబెట్టుకుని బండి మీద మైదానాలు దాటి యూటా చేరింది. ఆయనను మళ్లీ అక్కడికే పంపినప్పుడు, 1850లో లూయీసాకు కూడా పిలుపు వచ్చింది. కూతుళ్లతో సహా ఓడెక్కి తుబువాయ్ దీవి చేరి, అక్కడి స్త్రీలకూ పిల్లలకూ బోధించింది. దంపతుల మిషన్ చరిత్ర చెప్పుకునేటప్పుడు మొదట తలుచుకోవలసిన పేరు ఆమెదే. పెళ్లికాని యువతులను మిషనరీలుగా పంపడం 1898లో గానీ మొదలుకాలేదు.

ప్రొటెస్టెంటు సంఘాల్లో ఆలుమగలు కలిసి వెళ్లడం అంతకుముందే ఉంది, దాని జాడ తెలుగునేల మీదా ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు లైమన్ జూయెట్, యుఫీమియా దంపతులు 1849లో నెల్లూరు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు దగ్గర కొండెక్కి వాళ్లు చేసిన ప్రార్థన తెలుగు క్రైస్తవులకు బాగా తెలిసిన ఘట్టం. ఆ రోజు కొండ మీద ఉన్నవాళ్లు అయిదుగురు. జూయెట్ దంపతులు పోగా మిగిలిన ముగ్గురూ స్థానిక విశ్వాసులే. పరాయి నేల మీద భాష, తిండి, దారి, మనుషుల తీరు అన్నిటికీ అలాంటి స్థానికులే ఆధారం. అయినా మిషన్ చరిత్రల్లో దొరల పేర్లు పెద్ద అక్షరాల్లోనూ, వాళ్లను నిలబెట్టిన వాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లోనూ ఉంటాయి. కృతజ్ఞత గురించి మాట్లాడేటప్పుడు ఈ లోటును గుర్తుచేసుకోవడం న్యాయం.

కడవరి దిన పరిశుద్ధుల సంఘం హైదరాబాదులో వేళ్లూనడానికీ ఒక జంటే కారణం. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు భారతీయులు, సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరారు. హైదరాబాదులోని తమవాళ్లకు ఈ సంగతి చెప్పాలన్న కోరికతో ఉన్న ఆ ఇద్దరినే 1978లో మిషనరీలుగా అక్కడికి పంపారు. వాళ్ల బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు బోధకుడు, ఈ సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆయన చేపట్టాడు. 2012లో ఈ సంఘం భారతదేశంలో తన మొదటి స్టేకును, అంటే అనేక స్థానిక సమాజాలను కలిపే విభాగాన్ని, ఏర్పాటు చేసింది కూడా హైదరాబాదులోనే.

ఇప్పటి నియమాలు తొలి దశాబ్దాల నాటికంటే చాలా మెత్తన. కుర్రాళ్లు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర సేవ చేస్తారు, ఎక్కడికి పంపేదీ సంఘమే నిర్ణయిస్తుంది. వృద్ధ దంపతులు మాత్రం 6, 12, 18, 23 నెలల్లో ఒక గడువు ఎంచుకోవచ్చు, ఏ రకం పని ఇష్టమో కూడా చెప్పుకోవచ్చు. విదేశానికి 18 నెలలకు తక్కువగా వెళ్లాలంటే ప్రయాణ ఖర్చు వాళ్లే భరించాలి. దంపతులు ఖర్చుకు వెనకాడుతున్నారని గమనించి 2011లో ఇంటి అద్దెకు నెలకు 1,400 డాలర్ల పరిమితి పెట్టారు, అంతకు మించినది సంఘం భరించేలా. తిండి, మందులు, బీమా మాత్రం సొంతమే. అమెరికాలో వృద్ధులకుండే మెడికేర్ బీమా సాధారణంగా దేశం దాటితే పనిచేయదు, అందుకని వేరే బీమా తీసుకోవాలి. జీతం మాట లేదు. అప్పట్లో సంఘం అపొస్తలుల్లో ఒకడైన రాబర్ట్ హేల్స్ 2001లో చేసిన ప్రసంగంలో దంపతులను ఆపే అడ్డంకులు నాలుగని చెప్పాడు: భయం, కుటుంబం మీద దిగులు, తగిన పని దొరుకుతుందో లేదోనన్న సందేహం, డబ్బు. ఈ నాలుగూ దాటి విమానం ఎక్కిన వాళ్లే మిషన్‌లో కనిపిస్తారు గనక, వాళ్ల కృతజ్ఞత ఊరికే వచ్చింది కాదు, చేతి డబ్బూ మనసూ పెట్టి కొనుక్కున్నది.

వీళ్ల పనిలో వీధి బోధ తక్కువ. మిషన్ కార్యాలయంలో జమాఖర్చులు రాస్తారు. యువ మిషనరీల అద్దె ఇళ్లు వెతికి, ఒప్పందాలు చేసి, గ్యాస్ సిలిండర్ నుంచి దోమతెర దాకా సమకూరుస్తారు. ఆ ఇళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో తిరిగి చూస్తారు. కొందరు కార్ల మరమ్మతులు చూసుకుంటారు, డాక్టర్లూ నర్సులూ అయినవాళ్లు ఆరోగ్య సలహాలిస్తారు. ఇంకొందరు సంఘం దేవాలయాల్లో పనిచేస్తారు. కొందరు పాత దస్తావేజుల గదుల్లో కూర్చుని, వంశవృక్షాల కోసం జనన మరణాల పుస్తకాలను కెమెరాతో పుట పుటా ఫోటో తీస్తారు. మంచినీళ్ల బావులు, చక్రాల కుర్చీలు, నవజాత శిశువులకు ఊపిరి పోయడంలో మంత్రసానులకూ నర్సులకూ శిక్షణ, ఇలాంటి సహాయ కార్యక్రమాలు నడిపేవాళ్లూ ఉన్నారు. పని ఏదైనా పేరుకు ముందు భర్తను ఎల్డర్ అనీ భార్యను సిస్టర్ అనీ పిలుస్తారు. ముందు పెద్ద ఇంజనీరైనా, స్కూల్ ప్రిన్సిపాలైనా అక్కడ ఆ పిలుపే.

హోదా ఒక్కటే కాదు, ఒడుపు కూడా పోతుంది, కృతజ్ఞతకు అసలు మూలం అదే. నలభై ఏళ్లు కారు నడిపినవాడు రోడ్డుకు రెండో పక్కన నడపాల్సిన దేశంలో మొదటి నెల వణుకుతూ స్టీరింగ్ పట్టుకుంటాడు. ఇల్లు చక్కబెట్టడంలో ఆరితేరిన ఇల్లాలు అంగడిలో ఉప్పేదో పంచదారేదో పొట్లం మీది అక్షరాలు చదవలేక నిలబడిపోతుంది. కొడుకూ కూతుళ్ల దగ్గరికి అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు ఈ స్థితి బాగా తెలుసు: కారు లేకపోతే గడప దాటలేరు, ఫోన్లో మాట అర్థం కాకపోతే పిల్లలు వచ్చేదాకా ఎదురుచూడాలి. మిషన్ దంపతులది అదే కథ, దిశ మాత్రం తిరగబడింది, పైగా అక్కడ పిల్లలూ ఉండరు. పక్కింటివాళ్లూ, సంఘంలోని స్థానికులూ, తమ మనవళ్ల వయసున్న యువ మిషనరీలూ చేయి పట్టుకుని నడిపించాలి. మరొకరి మీద ఆనుకోక తప్పని రోజుల్లో ప్రతి సాయమూ కళ్లకు కనిపిస్తుంది. సొంత ఊళ్లో అదే సాయం చేసేవాళ్లు ఎందరో ఉండేవుంటారు, అప్పుడు చూసే అవసరం రాలేదంతే.

వస్తువుల విషయమూ ఇంతే. ఘనాలో కరెంటు గంటల తరబడి పోయే రోజులకు ప్రజలు డమ్సోర్ అని పేరే పెట్టుకున్నారు. అలాంటి ఊళ్లో రాత్రి ఫ్యాను తిరగడమే పండగ. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చలికాలం రాత్రులు సున్నాకు 30 డిగ్రీల కిందికి దిగుతాయి, గొట్టాల్లో వేడినీళ్లు ఆగకుండా పారడం అక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి. కుళాయి నీళ్లు నేరుగా తాగకూడని దేశాల్లో మిషనరీల ఇళ్లకు నీళ్ల ఫిల్టర్ తప్పనిసరి సామాను. ఉత్తరాల్లో నీళ్ల గురించీ కరెంటు గురించీ అంతంత రాయడం అతిశయోక్తి కాదు. ఆ ఇంటి దినచర్య వాటి చుట్టూనే తిరుగుతుంది.

దీని వెనక సంఘం బోధ కూడా ఉంది. వాళ్ల పవిత్ర గ్రంథాల్లో ఒకటైన సిద్ధాంతము మరియు నిబంధనలలో 59వ ప్రకరణం అన్ని విషయాల్లోనూ దేవునికి కృతజ్ఞత చెల్లించమంటుంది. అన్నిటిలో దేవుని చేయి ఉందని ఒప్పుకోకపోవడాన్ని ఆయనకు కోపం తెప్పించే తప్పుగా చెబుతుంది. ఈ మాటలు వచ్చింది 1831 ఆగస్టు 7న, మిస్సోరీ సరిహద్దు అడవుల్లో కొత్తగా గుడిసెలు వేసుకుంటున్నవాళ్ల మధ్య. అప్పుడే వాళ్లలో పాలీ నైట్ అనే పెద్దావిడ కన్నుమూసింది. దారిలోనే చనిపోతుందేమోనన్న భయంతో శవపేటికకు కలప కూడా ముందే కొని పెట్టుకున్న ప్రయాణం ఆమెది. ఆ నేల మీద కాలు పెట్టి చనిపోవాలన్న ఆమె కోరిక తీరింది. సుఖంగా ఉన్నప్పుడు చెప్పే ధన్యవాదం గురించి కాదు, అలాంటి రోజున కూడా చెప్పాల్సినదాని గురించి ఆ ప్రకరణం మాట్లాడుతోందని ఈ నేపథ్యం తెలిస్తేనే బోధపడుతుంది.

దినచర్యలో ఈ బోధ ప్రార్థన వరసగా దిగుతుంది. ఈ సంఘంలో ప్రార్థనకు రాసిపెట్టిన వాక్యాలు చాలా తక్కువ, వరస మాత్రం చిన్నపిల్లలకూ నేర్పుతారు: ముందు పరలోక తండ్రిని పిలవడం, తరువాత అందినవాటికి కృతజ్ఞత చెప్పడం, ఆ తరువాతే కావలసినవి అడగడం, యేసు క్రీస్తు పేరిట ముగించడం. అడగడానికి ముందు అందినది లెక్కపెట్టుకోవాలన్నది ఇక్కడ ముఖ్యం. దంపతులు పొద్దునా రాత్రీ మోకరించి ఒకరి తరువాత ఒకరు ఇలా చెప్పుకుంటారు. పగలు చూసింది రాత్రి పేరుపెట్టి చెప్పాలి గనక, పగలే కళ్లు వెతకడం మొదలుపెడతాయి. నెలకొకసారి, సాధారణంగా మొదటి ఆదివారం, రెండు పూటలు ఉపవాసం ఉండి ఆ తిండి ఖర్చును బీదలకిస్తారు. ఆ రోజు ఆరాధనలో ప్రసంగాలుండవు, ఎవరైనా లేచి తమ విశ్వాసాన్నీ కృతజ్ఞతనూ నలుగురి ముందు చెప్పవచ్చు. భాష రాని విదేశీ దంపతులు కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించుకుని తడబడుతూ స్థానిక భాషలో చదవడం అలాంటి సభల్లో సాధారణ దృశ్యం. వినేవాళ్లకు ఉచ్చారణ తప్పులు పట్టవు.

రాసుకునే అలవాటుకు ఈ సంఘంలో పెద్ద ప్రోత్సాహం ఉంది. హెన్రీ ఐరింగ్ అనే నాయకుడు 2007 అక్టోబరు ప్రసంగంలో తన సొంత అలవాటు చెప్పాడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు, ఆ రోజు తమ కుటుంబాన్ని దేవుడు ఎక్కడ తాకాడో ఆలోచించి రాసేవాడు. మొదట ఏమీ తట్టకపోయినా, కూర్చుంటే పగలు గమనించనిది రాత్రి కనిపించేదని ఆయన చెప్పాడు. 2020 నవంబరు 20న, కోవిడ్ మధ్యలో, అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ వారం రోజులపాటు సామాజిక మాధ్యమాలను కృతజ్ఞతల డైరీగా వాడమని లోకమంతటినీ కోరాడు. ఆయన గుండె శస్త్రచికిత్స వైద్యుడు, తన జీవితంలోని మరణాలనూ ఆ సందేశంలో దాచలేదు.

మనస్తత్వ పరిశోధన కూడా ఇటువైపే చూపింది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు పది వారాలపాటు వారానికొకసారి తాము కృతజ్ఞులుగా ఉన్న అయిదు విషయాలు రాశారు, కొందరు అయిదు చికాకులు, మరికొందరు మామూలు సంఘటనలు. మొదటి గుంపువాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు, ఒంటి నొప్పుల ఫిర్యాదులు తగ్గాయి, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. జంటలకు మరింత దగ్గరగా తగిలేది సారా ఆల్గో, ఆమె సహచరులు 2010లో ప్రచురించినది. కలిసి ఉంటున్న జంటలు రెండు వారాలపాటు ప్రతి రాత్రీ విడివిడిగా డైరీ రాశారు. ఒకరు చేసిన చిన్న ఆదరణకు రెండోవారిలో కృతజ్ఞత కలిగిన మర్నాడు, చేసినవాళ్లకూ పొందినవాళ్లకూ ఇద్దరికీ తమ బంధం మెరుగ్గా అనిపించింది.

మిషన్‌లో ఈ రెండో సంగతి చాలా విలువైనది. ఉద్యోగాల రోజుల్లో పొద్దున విడిపోయి సాయంత్రం కలుసుకున్న ఆలుమగలు, ఇప్పుడు ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే కారులో ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. మనసు విప్పి సొంత భాషలో మాట్లాడుకోవడానికి చాలాసార్లు ఒకరికొకరే దిక్కు. దారి తప్పినప్పుడు పటం ఎవరు సరిగ్గా చూడలేదన్న దగ్గర్నుంచి కంప్యూటరులో లెక్క ఎవరు తప్పు వేశారన్న దాకా గొడవకు సందులు బోలెడు. ఏళ్ల తరబడి చెప్పకుండానే సాగిపోయిన మెప్పు ఇక్కడ నోరు తెరిచి చెప్పాల్సి వస్తుంది. ఆయన బకెట్లతో నీళ్లు మూడో అంతస్తుకు మోశాడని ఆమె రాత్రి ప్రార్థనలో అంటుంది. కొత్త భాషలో ఆమె దుకాణంవాడితో ధైర్యంగా మాట్లాడిందని ఆయన అంటాడు. జీవిత భాగస్వామి తన గురించి దేవునితో ఏం చెబుతున్నారో పక్కనే మోకరించి వినడం ఏ దాంపత్యానికైనా మేలు చేస్తుంది.

అయితే కృతజ్ఞతకూ ఒక చెడ్డ రూపం ఉంది, దాన్ని దాచకూడదు. చుట్టూ ఉన్న పేదరికం చూసి, మనకు ఇంత ఉన్నందుకు దేవునికి స్తోత్రం అనుకోవడం తేలిక. ఎదుటివాడి లేమిని కొలబద్దగా పెట్టుకున్న ఆ కృతజ్ఞత ఎదుటివాడిని పాఠంగా మారుస్తుంది, మనిషిగా చూడదు. సువార్తలో పరిసయ్యుడు సుంకరిని చూపిస్తూ చెప్పిన స్తోత్రమూ ఇలాంటిదే. ఆరోగ్యకరమైన కృతజ్ఞతకు పేరుంటుంది: ఫలానా ఆమె, ఫలానా రోజు, ఫలానా పని చేసింది అని చెప్పగలగాలి. అదే సువార్తలో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగుల్లో, కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చిన ఒక్కడూ స్వస్థత ఇచ్చినవాడి పాదాల దగ్గరికే వచ్చాడు.

పుచ్చుకోవడం ఇక్కడ నేర్చుకోవలసిన విద్య. ఉన్న ఒక్క కోడిని కోసి విందు పెట్టే ఇంట్లో, వద్దంటే అవమానం, తింటే బాధ. అనుభవమున్న దంపతులు తింటారు, రెండోసారి అడిగి వడ్డించుకుంటారు, మరో వారం తమ ఇంటికి పిలుస్తారు. సువార్తలో బీద విధవరాలు కానుకగా వేసిన రెండు కాసులను యేసు వద్దనలేదు. ఇచ్చేవాళ్ల గౌరవం పుచ్చుకునేవాళ్ల చేతిలో ఉంటుందని తెలిసినవాళ్లకే సహాయ కార్యక్రమాలు అప్పగించాలి. చేతిలో చెక్కుబుక్కు ఉన్నవాడికి ఇది మరీ అవసరం.

ఇంటి బెంగ మాత్రం ఏ కృతజ్ఞతతోనూ పోదు. మనవరాలు పుట్టిందన్న వార్త తెర మీద వస్తుంది. తోబుట్టువు పోయినప్పుడు టికెట్ దొరికేసరికి సమాధి కార్యక్రమం అయిపోవచ్చు. యువ మిషనరీలకంటే వృద్ధ దంపతులకు కుటుంబంతో మాట్లాడుకునే స్వేచ్ఛ ఎప్పుడూ ఎక్కువే, ముఖ్యమైన సందర్భాలకు సొంత ఖర్చుతో కొన్నాళ్లు వెళ్లి రావడానికీ వీలుంది. అయినా పండుగ రోజు ఖాళీ కుర్చీ ఖాళీ కుర్చీయే. దిగులుగా ఉన్నవాళ్లను కృతజ్ఞత లేనివాళ్లుగా చూడడం క్రూరత్వం. కీర్తనల గ్రంథంలో మొరలూ స్తుతులూ పక్కపక్కనే ఉన్నాయి.

అమెరికన్ దంపతులకు బెంగ ముదిరేది నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ రోజున. 1863లో లింకన్ దేశమంతటికీ ప్రకటించిన ఈ పండుగకు 1941లో చట్టం ఆ తేదీ స్థిరపరిచింది. విదేశంలో అది మామూలు గురువారమే, సెలవుండదు. టర్కీ కోడి దొరకని ఊళ్లో నాటుకోడి వండి, గుమ్మడి దొరికితే తీపి చేసి, దంపతులు ఆ చుట్టుపక్కల యువ మిషనరీలను భోజనానికి పిలుస్తారు. ఫిలిప్పీన్స్ కుర్రాడూ, టోంగా కుర్రాడూ, నైజీరియా అమ్మాయీ ఆ బల్ల చుట్టూ చేరతారు. వాళ్లకు ఆ పండుగ ఏమిటో తెలియకపోయినా, అమ్మమ్మ, తాతయ్యల వంటి పెద్దవాళ్లు వండిపెట్టిన అన్నం ఏమిటో తెలుసు. వాళ్ల తల్లులు దూరదేశం నుంచి ఈ దంపతులకు కృతజ్ఞతగా సందేశాలు పంపుతారు.

గడువు ముగిశాక విడుదల పత్రం వస్తుంది, పేరుబిళ్ల తీసేస్తారు, సొంత ఊరి సమాజంలో నిలబడి మిషన్ వివరాలు చెబుతారు. తిరిగి వచ్చిన కొత్తలో సూపర్‌బజారులో వరసలు కట్టిన సరుకులు చూసి తికమకపడడం, ఆగకుండా వచ్చే నీళ్లను కట్టేయడానికి తొందరపడడం మామూలు. కొన్ని నెలలకు పాత అలవాట్లు తిరిగి వస్తాయి, నీళ్లు మళ్లీ మామూలు నీళ్లవుతాయి. అందుకే చాలామంది డైరీ ఆపరు, అక్కడి మిత్రులతో ఫోన్లో మాట్లాడడం మానరు, అక్కడినుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు తమ ఇంట్లో గది ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యం, డబ్బు సహకరిస్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలుంది. రెండోసారి, మూడోసారి వెళ్లే జంటలు తక్కువేమీ కాదు.